వేళ్లు మొద్దుబారకముందే వేడి కావాలి

లద్దాఖ్‌లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో జంస్కార్ నది గడ్డకడుతుంది. ఆ మంచు మీద నడిచే చాదర్ ట్రెక్‌లో రాత్రి చలి మైనస్ 20 డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. అక్కడ ముందు మొరాయించేవి వేళ్లే. జిప్పు లాగలేం, బూటు లేసు ముడి వేయలేం.

వేళ్లలో కండరాలు లేవు. సొంతంగా వేడి పుట్టించుకునే శక్తి వాటికి చాలా తక్కువ, రక్తం మోసుకొచ్చే వేడే ఆధారం. చలి పెరిగితే శరీరం గుండె, మెదడు వంటి ముఖ్య అవయవాల వేడిని కాపాడుకోవాలని చూస్తుంది. అందుకోసం వేళ్ల రక్తనాళాలను బిగించేస్తుంది. ఎంత మందం గ్లౌజులైనా ఉన్న వేడిని పోనివ్వకుండా ఆపుతాయి, అంతే. లోపలికి వేడి రావడమే ఆగిపోతే అవేం చేస్తాయి?

బ్యాటరీ గ్లౌజుల అవసరం ఇక్కడే. వేళ్ల పొడవునా కుట్టిన సన్నని తీగలు ఇస్త్రీపెట్టె సూత్రంతోనే వేడెక్కుతాయి. మణికట్టు దగ్గర లిథియం అయాన్ బ్యాటరీ ఉంటుంది. 7.4 వోల్టులు, 2,200 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ అనుకుందాం. అందులో ఉన్నది సుమారు 16 వాట్ అవర్ల శక్తి. 8 వాట్ల చొప్పున వాడితే రెండు గంటలు, 3 వాట్లకు తగ్గిస్తే ఐదు గంటలు పైచిలుకు. అదీ లెక్క ప్రకారం. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది కాబట్టి అంత కూడా రాదు.

అందుకే టెంట్‌లోంచి బయటికి రాకముందే, చేతులు వెచ్చగా ఉన్నప్పుడే తక్కువ సెట్టింగ్‌లో ఆన్ చేయడం మంచిది. స్పేర్ బ్యాటరీని లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. గడ్డకట్టే చలిలో మాత్రం ఛార్జింగ్ పెట్టకూడదు. లిథియం లోహంగా మారి ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది, బ్యాటరీ పాడైపోతుంది, ప్రమాదం కూడా.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. స్పర్శ పోయి, తెల్లగా పాలిపోయిన వేళ్లకు ఈ వేడి పెట్టొద్దు. చర్మం కాలుతున్నా తెలియదు. షుగర్ వల్ల వేళ్లు తిమ్మిరెక్కేవాళ్లకూ ఇదే ముప్పు, వాళ్లు ముందే డాక్టరుని అడగాలి.

విమానంలో స్పేర్ బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో కాకుండా చేతి బ్యాగులోనే ఉండాలి. దాంతోపాటు బొటనవేలు తప్ప మిగతా వేళ్లన్నీ ఒకే అరలో ఉండే మామూలు ఉన్ని మిటెన్ల జత ఒకటి సర్దుకోండి. ఛార్జ్ అయిపోయాక దిక్కు అవే.