పైనాపిల్ స్మూతీ చేదెక్కేది ఎందుకు?

“పైనాపిల్, మామిడి, పాలు వేసి స్మూతీ చేశాను. తాగినప్పుడు చాలా బాగుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం నోట్లో పోసుకుంటే ఒకటే చేదు. పాలు తాజావే, పండూ మంచిదే. మరి ఎందుకిలా?” ఇది ఒక పాఠకురాలి ప్రశ్న. చాలామంది దీనికి “పాలు విరిగాయి, అందుకే చేదు” అని చెప్పేసి ఊరుకుంటారు. కానీ విరగడం వేరు, చేదెక్కడం వేరు. రెండూ ఒకే గ్లాసులో, ఒకదాని వెనకే ఒకటి జరుగుతాయి కాబట్టి ఒకటేనని పొరబడతాం.

విరగడం సంగతి తొందరగా ముగిద్దాం. వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో ప్రోటీన్ సుమారు 3.3 గ్రాములు. అందులో ఐదింట నాలుగు వంతులు కేసీన్. పులుపు తగిలి పాల పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గరికి దిగేసరికి కేసీన్ రేణువుల మీది విద్యుదావేశం పోతుంది, అవి ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి. నిమ్మరసమైనా, వెనిగరైనా చేసేది ఇదే. పైనాపిల్ రసం పీహెచ్ 3.3 నుంచి 4 దాకా ఉంటుంది కాబట్టి అదీ చేస్తుంది. ఇంతవరకూ పుల్లగా ఉంటుందే తప్ప చేదుండదు.

అసలు కథ బ్రొమెలైన్‌ది. పైనాపిల్‌లో ఉండే, ప్రోటీన్లను తెగ్గోసే ఎంజైముల గుంపు ఇది. దీన్ని కత్తెర అనుకోండి. కేసీన్‌ను పోగులు విప్పి కుప్పగా పడేసిన దారం అనుకోండి. పాలలోనే ఉండే ఇంకో రకం, వే ప్రోటీన్లు, బిగించి చుట్టిన దారపు ఉండలు. ఉండ మీద కత్తెర పెడితే పైపోగు తప్ప అందదు. విప్పిన దారానికి ఎక్కడ పడితే అక్కడ కత్తెర అందుతుంది. కేసీన్ నిర్మాణమే అలాంటిది. దూడ కడుపులో సులువుగా అరగాల్సిన ప్రోటీన్ కాబట్టి వదులుగా, ఎంజైములకు అందేలా ఉంటుంది. జున్నుగడ్డల (చీజ్) తయారీలో వాడే కైమోసిన్ కూడా కత్తెరే, కానీ మహా నిక్కచ్చిది. కేసీన్ రకాల్లో ఒకటైన కప్పా-కేసీన్‌లో 105వ, 106వ అమైనో ఆమ్లాల (ప్రోటీన్ దారంలోని పూసలు) మధ్య ఒక్కచోట తెంపి ఊరుకుంటుంది. బ్రొమెలైన్‌కు ఆ పట్టింపు లేదు. దొరికిన చోటల్లా కత్తిరిస్తూనే పోతుంది.

కాస్త లోపలికి వెళదాం. బ్రొమెలైన్ సిస్టీన్ ప్రోటియేజ్ కుటుంబానికి చెందింది. దాని క్రియాస్థానంలో, అంటే కోత జరిగే చోట, సిస్టీన్, పక్కనే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు ఉంటాయి. హిస్టిడిన్ ప్రోటాన్‌ను లాక్కోవడంతో సిస్టీన్‌లోని గంధకం ఋణావేశం పొంది, అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడు బంధంలోని కార్బన్ మీద దాడి చేస్తుంది. బంధం తెగి, ఒక ముక్క బయటికి పోతుంది. రెండోది ఎంజైముకే అతుక్కుని ఉంటుంది. నీటి అణువు వచ్చి దాన్నీ విడిపిస్తుంది. ఎంజైము ఎప్పటిలా మిగిలి, ఇంకో బంధం మీద పడుతుంది. ఇంకొక తమాషా ఉంది: ఈ ఎంజైముకు బాగా అనువైన పీహెచ్ ఇంచుమించు 6 నుంచి 8. అంటే సొంత పండులోని పులుపులో అది పూర్తి జోరు మీద ఉండదు. మనం పాలు పోసి ఆ పులుపును పలచబరుస్తాం. కత్తెరకు దారం అందించడమే కాదు, పదును కూడా పెడుతున్నామన్నమాట.

తెగిన ముక్క చేదెందుకు? నీళ్లంటే గిట్టని అమైనో ఆమ్లాలు కొన్ని ఉన్నాయి: లూసిన్, ఫినైల్‌అలనిన్, ప్రోలీన్ వంటివి. పొడవాటి ప్రోటీన్‌గా ఉన్నంతకాలం అవి చాలావరకు లోపల దాగి ఉంటాయి, పైగా అంత పెద్ద అణువు నాలుక మీది చేదు గ్రాహకాల్లో ఇమడదు. చిన్న ముక్కలయ్యాక ఇమిడిపోతుంది. 1971లో కె. హెచ్. నెయ్ అనే శాస్త్రవేత్త దీనికి ఒక లెక్క కట్టాడు. ముక్కలోని అమైనో ఆమ్లాల ‘నీటి అయిష్టత’ విలువలు కూడి, వాటి సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటును క్యూ అన్నాడు. అది మోల్‌కు 1400 క్యాలరీలు దాటితే చేదు, 1300 లోపు అయితే చేదుండదు. అణుభారం 6000 డాల్టన్లు మించని ముక్కలకే ఈ లెక్క. ఇక కేసీన్‌లోనే ఇంకో రకమైన బీటా-కేసీన్ చూడండి: మొత్తం 209 అమైనో ఆమ్లాలుంటే అందులో 35 ప్రోలీన్లే! చేదు ముక్కలు పుట్టించడానికి ఇంతకంటే మంచి ముడిసరుకు దొరకదు. ఆ ముక్కల్ని చివరల నుంచి ఒక్కొక్క అమైనో ఆమ్లంగా ఊడదీస్తే చేదు తగ్గుతుంది. జున్నుగడ్డ మాగేటప్పుడు అందులోని బాక్టీరియా ఎంజైములు చేసే పని అదే. బ్రొమెలైన్ మధ్యలో తెంపే రకం, చివరల జోలికి పోదు. అందుకే స్మూతీని ఎంతసేపు ఆగనిచ్చినా తనంతట తాను బాగుపడదు.

నమ్మకపోతే మూడు గ్లాసులు తీసుకోండి. ఒక్కోదానిలో కాచి చల్లార్చిన పాలు 50 మిల్లీలీటర్లు. మొదటి దానిలో పచ్చి (ఉడికించని) పైనాపిల్ రసం 50 మిల్లీలీటర్లు. రెండో దానిలో అదే రసం ఐదు నిమిషాలు మరిగించి, ఇగిరిన మేర నీళ్లు కలిపి, పూర్తిగా చల్లార్చి 50 మిల్లీలీటర్లు. మూడో దానిలో రెండు టీస్పూన్ల వెనిగర్ కలిపిన 40 మిల్లీలీటర్ల నీళ్లు. అరగంట గదిలోనే వదిలి, ఒక్కో చుక్క నాలుక మీద వేసుకోండి. మూడింటిలోనూ తరకలు కనిపిస్తాయి, మొదటిదే చేదుగా ఉంటుంది. రెండో గ్లాసు లేకపోతే ఈ ప్రయోగానికి విలువే లేదు: పులుపు అదే, వాసన దాదాపు అదే, లేనిది ఎంజైము ఒక్కటే. ఎంజైములంటే బొమ్మ గీయించి, పేర్లు బట్టీ పట్టించే బదులు తరగతి గదిలో ఈ మూడు గ్లాసులు పెడితే చాలు. పిల్లలు ‘కంట్రోల్’ (పోల్చి చూడటానికి పెట్టే గ్లాసు) అనే మాటను ఇక మర్చిపోరు.

గడ్డకట్టిస్తే ఎంజైము చస్తుందని చాలామంది అనుకుంటారు. చావదు, నిద్రపోతుందంతే. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన పచ్చి ముక్కలు పాలలో కరగడం మొదలవగానే పనిలోకి దిగుతాయి. దాన్ని చంపేది వేడి. ముక్క మధ్య భాగం కూడా 80 డిగ్రీలు చేరి కొన్ని నిమిషాలు అక్కడే ఉండాలి. డబ్బా పైనాపిల్‌ను తయారీలోనే వేడి చేస్తారు కాబట్టి దానితో ఈ బాధ లేదు. సగం పచ్చిది, సగం ఉడికించింది వేస్తే సరిపోదా? సరిపోదు. ఎంజైము ఖర్చయిపోయే పదార్థం కాదు. సగం కత్తెరలు ఉన్నా అదే పని చేస్తాయి, కాకపోతే ఆలస్యంగా.

బొప్పాయిలో పపైన్, కివీలో ఆక్టినిడిన్, అంజీరలో ఫైసిన్ ఇదే కుటుంబానివి. పపైన్ ఎక్కువగా పచ్చికాయ పాలలో ఉంటుంది, పండే కొద్దీ తగ్గుతుంది. అయినా బొప్పాయి పండు, పాలు కలిపి గంటలు నిలవ ఉంచకూడదు. మామిడి, అరటి పండ్లతో చేదు భయం లేదు.

ఇక చేసే పద్ధతి. రెండు గ్లాసులకు పైనాపిల్ ముక్కలు 150 గ్రాములు, మామిడి ముక్కలు 150 గ్రాములు, బాగా పండిన అరటిపండు ఒకటి, చల్లటి పాలు 200 మిల్లీలీటర్లు. పైనాపిల్ మధ్యలోని గట్టి కాడ తీసేయండి, దానిలో పీచు ఎక్కువ, ఎంజైమూ ఎక్కువే. రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, రెండు చెంచాల నీళ్లతో మూతపెట్టి, ఆవిరి గట్టిగా రావడం మొదలైన దగ్గర్నుంచి పది నిమిషాలు ఉడికించండి. చల్లారాక ఆ రసంతో సహా వాడుకోండి. ముక్కల్ని, మామిడిని పళ్లెంలో ఒకే వరుసగా పరిచి నాలుగైదు గంటలు గడ్డకట్టించాలి. కుప్పగా పోస్తే ఒకే బండ అవుతుంది, మిక్సీ బ్లేడు దాన్ని కదపలేదు.

జార్‌లో ముందు పాలు, తర్వాత అరటిపండు, పైన గడ్డకట్టిన ముక్కలు. ఈ వరుస తిరగేస్తే బ్లేడు చుట్టూ గాలి బుడగ ఏర్పడి, మోటారు రొద పెడుతుంది గానీ పైన ముక్కలు కదలవు. అప్పుడు వేగం పెంచితే బుడగ ఇంకా పెద్దదవుతుంది. ఆపి, గరిటెతో కలిపి, రెండు చెంచాల పాలు పోసి మళ్లీ తిప్పాలి. ఇరవై సెకన్ల చొప్పున మూడు విడతలు చాలు. ఎక్కువసేపు తిప్పితే వేడెక్కి పలచబడుతుంది, పాల ప్రోటీన్ వల్ల నురగ కూడా వస్తుంది. ఐసు ముక్కలు వద్దు. 100 గ్రాముల ఐసు అంటే 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసినట్టే. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి, గడ్డకట్టించక ముందు పండు కొంచెం ఎక్కువ తియ్యగా అనిపించాలి.

ఉడికిస్తే మాత్రం తాజా పైనాపిల్ వాసన కొంత పోతుంది. ఆ వాసననిచ్చే ఎస్టర్లు ఆవిరితో లేచిపోతాయి, జాము వాసన మిగులుతుంది. అది నచ్చనివాళ్లు పచ్చి పండే వాడి, పాలకు బదులు కొబ్బరిపాలు పోసుకోవడం మేలు. వాటిలో కేసీన్ లేదు, ఉన్న ప్రోటీనూ తక్కువే. ఆవుపాలే కావాలంటే చివర్లో పోసి, వెంటనే తాగేయాలి. పది డిగ్రీలు తగ్గితే ఎంజైము వేగం సుమారు సగమవుతుంది. ఆ లెక్కన 30 డిగ్రీల గదితో పోలిస్తే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఆరో వంతు. అంటే బయట పది నిమిషాల్లో జరిగేది లోపల గంటలో జరుగుతుంది. పెరుగు వేస్తే తరకల సమస్య ఉండదు, అది ముందే పులుపుతో గడ్డకట్టింది కనుక. కేసీన్ మాత్రం అందులోనూ ఉంది, చేదు తప్పదు.

పండూ పాలూ కలిస్తే విషమవుతుందనే మాటకు ఈ చేదే ఊతం ఇచ్చి ఉండొచ్చు. కానీ అది నిజం కాదు: కడుపులోకి వెళ్లిన ప్రతి గుక్క పాలూ అక్కడి ఆమ్లంలో విరగాల్సిందే, ఆపైన ఎంజైములు దాన్ని ముక్కలు చెయ్యాల్సిందే. బ్రొమెలైన్ ఒంట్లో కొవ్వు కరిగిస్తుందనేది ఇంకో ప్రచారం. అది కోసేది ప్రోటీన్ బంధాలను, కొవ్వులో అవి ఉండవు.

స్మూతీలో ప్రోటీన్ పొడి వేసేవాళ్లకు ఒక్క మాట. పచ్చి పైనాపిల్‌తో కేసీన్ పొడి వద్దు, వే పొడి కొంత నయం, ఉండగా చుట్టిన దారం కనుక. డబ్బా మీద ‘హైడ్రోలైజ్డ్’ అని ఉంటే మాత్రం దాన్ని కర్మాగారంలోనే ఎంజైములతో ముక్కలు చేశారని అర్థం. దానికి పైనాపిల్ అక్కర్లేదు, చేదు డబ్బాలోంచే వస్తుంది.