లోకల్ సెర్చ్‌లో చిన్న వ్యాపారాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చిన్న వ్యాపారాలు గూగుల్ సెర్చ్‌లోనూ మ్యాప్స్‌లోనూ వినియోగదారులకు కనిపించేలా చూడడం నా వృత్తి. దగ్గరలోని వ్యాపారాల కోసం చేసే ఇలాంటి వెతుకులాటనే లోకల్ సెర్చ్ అంటారు. సలహా కోసం వచ్చే వ్యాపారులలో చాలామంది అప్పటికే ఎవరో చెప్పిన చిట్కాల మీద డబ్బూ సమయమూ వెచ్చించి ఉంటారు. తీరా వారి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో ఆ వ్యాపారం వివరాలు చూపే పేజీ) తెరిచి చూస్తే ఫోన్ నంబరు పాతది, వ్యాపార రకాన్ని తెలిపే కేటగిరీ తప్పు, పనివేళలు అసలే లేవు. కష్టపడి సంపాదించిన డబ్బు ఇలా వృథా కావడం నాకు బాధ కలిగిస్తుంది కనుక, తరచుగా ఎదురయ్యే అపోహలను వివరంగా చర్చిస్తున్నాను.

అపోహ: డబ్బు కడితే మ్యాప్ ఫలితాలలో మొదటి స్థానం దొరుకుతుంది.

వాస్తవం: ప్రకటనలకు డబ్బు కట్టవచ్చు, కానీ అవి ప్రకటనలుగానే గుర్తుతో కనిపిస్తాయి. మామూలు స్థానిక ఫలితాలలో మెరుగైన స్థానాన్ని కొనుక్కునే మార్గమేదీ లేదని గూగుల్ తన సహాయ పేజీలలోనే స్పష్టం చేసింది. వెతికిన మాటకు ఆ వ్యాపారం ఎంతవరకు సరిపోతుంది, వెతికే వ్యక్తికి ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత ప్రాచుర్యం ఉంది అన్న మూడు అంశాలే ప్రధానంగా ఈ ఫలితాల క్రమాన్ని నిర్ణయిస్తాయి. బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవడం పూర్తిగా ఉచితం. మొదటి స్థానం ఖాయమని ఫోన్‌లో హామీ ఇచ్చేవారు తమ చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నారని గ్రహించాలి.

అపోహ: మా దుకాణంలో కూర్చుని వెతికితే మేమే ముందు వస్తున్నాం, కనుక మా ర్యాంకు ఒకటి.

వాస్తవం: లోకల్ సెర్చ్‌లో అందరికీ వర్తించే ఒకే ర్యాంకు అంటూ ఉండదు. పై మూడు అంశాలలో దూరం ఒకటి కాబట్టి, దుకాణం లోపల వెతికినప్పుడు కనిపించే వరుస వేరు, నాలుగు వీధుల అవతల వేరు, ఊరి చివర వేరు. మ్యాప్‌తో పాటు మొదట చూపే వ్యాపారాల సంఖ్యను గూగుల్ 2015లో ఏడు నుంచి మూడుకు తగ్గించడంతో, కొద్దిపాటి దూరం మారినా ఆ ముగ్గురిలో ఉండడమో లేకపోవడమో జరుగుతుంది. అందువల్ల వేర్వేరు చోట్ల నుంచి వెతికి చూడాలి. అంతకన్నా ముఖ్యంగా ప్రొఫైల్‌లోని పనితీరు నివేదికలో ఎందరు ఫోన్ చేశారు, ఎందరు దారి అడిగారు, ఏ మాటలతో వెతికి వచ్చారు అన్నవి గమనించాలి. వ్యాపారానికి పనికివచ్చే కొలమానాలు ఇవే.

దూరాన్ని మార్చడం మన చేతిలో లేదు. దాన్ని మార్చాలన్న ఆరాటంతో కొందరు మనుషులే ఉండని వర్చువల్ ఆఫీసు చిరునామాలతో అదనపు లిస్టింగులు (వ్యాపార నమోదులు) పెడతారు. అది నియమాలకు విరుద్ధం, బయటపడితే ప్రొఫైల్‌ను నిలిపివేస్తారు. వినియోగదారుల ఇళ్లకు వెళ్లి పనిచేసే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్ల వంటివారు తమ చిరునామాను దాచి, సేవలందించే ప్రాంతాలను 20 వరకు పేర్కొనవచ్చు. అయితే ఆ ప్రాంతాలన్నిటిలోనూ తాము ముందు వరుసలో కనిపిస్తామని మాత్రం అనుకోకూడదు. ఎక్కడికి వస్తారో వినియోగదారుకు తెలియజేయడం వరకే దాని పాత్ర.

అపోహ: వ్యాపారం పేరు పక్కన సేవల పేర్లు, ప్రాంతం పేరు చేరిస్తే మంచిది.

వాస్తవం: ఇలా చేసినవారు కొంతకాలం పైకి రావడం నిజమే, దాన్ని నేను కాదనను. కానీ బోర్డు మీద, బిల్లు మీద ఉన్న అసలు పేరునే ప్రొఫైల్‌లో రాయాలన్నది నియమం. పోటీదారు ఎవరైనా దాన్ని గూగుల్‌కు ఎత్తిచూపవచ్చు. ప్రొఫైల్ ఆగిపోతే తిరిగి తెచ్చుకోవడానికి పట్టే కాలంలో పోయే వ్యాపారంతో పోలిస్తే ఆ లాభం చాలా స్వల్పం. ఆ శ్రద్ధను ప్రధాన కేటగిరీ మీద పెట్టాలి. దంత వైద్యశాల నడిపేవారు ‘వైద్యశాల’ అని మాత్రమే ఎంచుకుంటే, పంటి నొప్పితో వెతికేవారి ముందుకు రావడం కష్టమవుతుంది. ప్రధాన కేటగిరీతో కలిపి మొత్తం 10 వరకు పెట్టుకోవచ్చు, అయితే చేయని పనికి సంబంధించిన కేటగిరీ పెట్టకూడదు.

అపోహ: రివ్యూలు ఎలా వచ్చినా సరే, సంఖ్య పెరగాలి.

వాస్తవం: రివ్యూల సంఖ్య, రేటింగు రెండూ ప్రాచుర్యం కిందకు వస్తాయి. అయినా డబ్బిచ్చి రాయించడం, రివ్యూకు బదులుగా తగ్గింపు ఇవ్వడం, సంతృప్తి చెందినవారిని మాత్రమే ఎంచి అడగడం నిషిద్ధం. ప్రొఫైల్‌లో లభించే లింకును పని పూర్తయిన వెంటనే అందరికీ పంపితే చాలు. చెడ్డ రివ్యూ వస్తే మర్యాదగా, విషయానికే పరిమితమై జవాబివ్వాలి. ఆ జవాబును, రివ్యూ రాసినవారి కంటే ఇంకా నిర్ణయించుకోని కొత్త వినియోగదారులే ఎక్కువగా చదువుతారు. నియమాలను ఉల్లంఘించిన రివ్యూపై ఫిర్యాదు చేయవచ్చు, నచ్చలేదన్న కారణంతో మాత్రం తొలగించరు.

అపోహ: ప్రొఫైల్ ఉంటే వెబ్‌సైటు అక్కర్లేదు.

వాస్తవం: ప్రొఫైల్‌తోనే ఉచితంగా తయారుచేసుకున్న వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసివేసింది. వాటినే నమ్ముకున్నవారికి వెబ్ చిరునామా లేకుండా పోయింది. సొంత డొమైన్‌పై, అంటే సొంత వెబ్ చిరునామాతో, చిన్న సైటు ఉన్నా చాలు: ఒక్కో సేవకు ఒక్కో పేజీ, స్పష్టమైన శీర్షిక, ప్రొఫైల్‌లో ఉన్నట్లే పేరు, చిరునామా, ఫోన్ నంబరు. ప్రాంతం పేరు మాత్రమే మార్చి అదే వ్యాసాన్ని పదుల పేజీలుగా పెట్టడం స్పామ్‌గా పరిగణించబడుతుంది. మెటా కీవర్డ్స్ ట్యాగు (పేజీ కోడ్‌లో పాఠకులకు కనిపించకుండా రాసే కీవర్డుల జాబితా) కోసం డబ్బు అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ర్యాంకింగులో దాన్ని ఉపయోగించడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

అపోహ: దుకాణం మారినప్పుడు కొత్త ప్రొఫైల్ తెరవాలి.

వాస్తవం: అదే వ్యాపారం అదే పేరుతో వేరే చోటికి మారితే, పాత ప్రొఫైల్‌లోనే చిరునామా మార్చాలి. కొత్తది తెరిస్తే ఏళ్ల తరబడి కూడిన రివ్యూలు పాత చోటే మిగిలిపోతాయి, పైగా రెండు లిస్టింగులు కనిపించి వినియోగదారులు ఖాళీ చేసిన దుకాణానికే వెళ్తారు. మార్పు చేసిన రోజే వెబ్‌సైటులోనూ, బింగ్ సెర్చ్‌కు చెందిన వ్యాపార నమోదు సేవ బింగ్ ప్లేసెస్‌లోనూ, యాపిల్ మ్యాప్స్‌లోనూ, పేరు నమోదై ఉన్న ఇతర డైరెక్టరీలలోనూ అదే చిరునామాను సరిచేయాలి.