ఏబీఎస్ లైటు వెలిగితే యూనిట్ పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అమలాపురం దగ్గర కార్ల కరెంటు పని చేస్తాను. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) కంప్లయింట్‌తో వచ్చేవాళ్ళలో చాలామంది కొటేషన్ కాగితం చేత్తో పట్టుకునే దిగుతారు. "యూనిట్ పోయిందంటండి, మార్చెయ్యాలంటండి" అంటారు. యూనిట్ అంటే బ్రేకు పైపులన్నీ వచ్చి కలిసే అల్యూమినియం దిమ్మ, దానికి అంటుకుని ఉండే కంప్యూటర్. అది చవక సామాను కాదు. మార్చాక చాలా కార్లలో కోడింగ్ చెయ్యాలి, స్కానర్ (కారు కంప్యూటర్లతో మాట్లాడే పరికరం) పెట్టి బ్రేకు లైన్లలో గాలి తియ్యాలి. ఇంత పెట్టుకునే ముందు అసలు దానికి కరెంటు సరిగ్గా అందుతోందా అని చూసినవాళ్ళు మాత్రం అరుదు. మన వైపు ఉప్పు గాలికి, రొయ్యల చెరువుల తేమకి మొదట చూడాల్సింది అదే.

అపోహ: ఏబీఎస్ లైటు వెలిగిందంటే బ్రేకులు పడవు.

పడతాయి. చాలా కార్లలో మామూలు బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది, దానికి కంప్యూటర్‌తో పని లేదు. గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే సాయం ఒక్కటే పోతుంది. అయితే పసుపు లైటుతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే కథ వేరు. ముందు హ్యాండ్‌బ్రేకు, ఆయిల్ డబ్బా చూడండి. రెండూ సరిగ్గానే ఉంటే ముందు, వెనక చక్రాలకి బ్రేకు బలం సరిగ్గా పంచే ఈబీడీ కూడా పోయి ఉండవచ్చు. అంటే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకోవచ్చు. వాన పడుతుంటే ఏటిగట్టు మీద దూకుడు వద్దు, నెమ్మదిగా షాపుకి తీసుకెళ్ళండి.

అపోహ: స్కానర్‌కి యూనిట్ దొరకడం లేదు, కాబట్టి చచ్చిపోయింది.

కరెంటే అందని యూనిట్ తన రోగం తాను ఎలా చెప్పుకుంటుంది? అప్పుడు ఇంజిన్ కంప్యూటరో మరొకటో "ఏబీఎస్ పలకడం లేదు" అని యు0121 కోడ్ రాసిపెడుతుంది. ఆ కోడ్‌కి అర్థం మాట అందలేదని మాత్రమే. ఫ్యూజు పోయినా, ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్ళే వైరు) ఊడినా, మధ్యలో కమ్యూనికేషన్ వైరు తెగినా అదే కోడ్ వస్తుంది.

అపోహ: మీటర్‌లో 12 వోల్టులు చూపిస్తోంది, సప్లై బాగానే ఉంది.

నేను ఎక్కువ గొడవపడేది దీని గురించే. పని నేర్చుకున్న కొత్తలో ఈ మాట నమ్మి ఒక యూనిట్ మార్పించాను. కొత్తది వేశాక కూడా లైటు అలాగే వెలిగింది. ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోయిందో వేరే చెప్పాలా?

చెరువుకి నీళ్ళు పెట్టే బోదెలో గుర్రపుడెక్క అడ్డుపడిందనుకోండి. నీళ్ళు తోడే ఇంజిను ఆపి ఉన్నంతసేపూ డెక్కకి అటూ ఇటూ నీటిమట్టం ఒక్కటే. ఇంజిను వెయ్యగానే పైపు వైపు నీళ్ళు దిగిపోతాయి, వెనక నీళ్ళు వెనకే ఉంటాయి. కరెంటూ అంతే. మీటర్ తీసుకునే కరెంటు లెక్కలోకే రాదు. వైరులో ఒక్క పోగు మిగిలినా అది 12.6 చూపిస్తుంది. ఏబీఎస్ పంపు మోటారు మాత్రం 20 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే లాగుతుంది. జాయింటులో 0.1 ఓమ్ చిలుము ఉంటే చాలు, 20 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే ఆగిపోతాయి.

అందుకే లోడు పెట్టి చూడాలి. స్విచ్ ఆపి యూనిట్ కప్లర్ (వైర్లన్నీ వచ్చి దిగే ప్లగ్గు) విప్పండి. చాలా కార్లలో దానికి రెండు లావు ఫీడ్‌లు, అంటే కరెంటు తెచ్చే వైర్లు వస్తాయి, ఒకటి మోటారుకి, ఒకటి వాల్వులకి. స్విచ్ ఆన్ చేస్తే వచ్చే సన్న ఫీడ్ ఒకటి, ఇవి కాక ఎర్త్. ఏ పిన్ ఏదో ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్‌లో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. సెన్సర్ వైర్ల జోలికి, కమ్యూనికేషన్ వైర్ల జోలికి బల్బుతో వెళ్ళకండి. లావు ఫీడ్‌కీ ఎర్త్‌కీ మధ్య 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెడితే నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. సన్న ఫీడ్‌కి 5 వాట్ల బల్బు చాలు. పెద్ద బల్బు తెల్లగా వెలగాలి. అది వెలుగుతుండగానే బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ ఎర్త్ పిన్‌కీ మధ్య మీటర్ పెట్టండి. 0.1 వోల్టు దాటితే నేను ఒప్పుకోను. ప్లస్ వైపు ఫ్యూజుతో కలిపి 0.3 లోపు ఉండాలి. ఇంకో మాట, మీటర్ ముల్లు పిన్‌లోకి బలవంతంగా తొయ్యకండి. పిన్ నోరు వెడల్పైతే మీరే కొత్త ఫాల్ట్ పుట్టించినట్టు. అదే సైజు టెర్మినల్ ఒకటి వైరుకి కట్టి దగ్గర పెట్టుకోండి.

అల్లవరం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, రొయ్యల రైతు. కారు రోజూ చెరువుగట్టు మీదే ఉంటుంది. "అబ్బాయ్, యూనిట్ పోయిందని రెండు చోట్ల చెప్పారు, నువ్వేమంటావ్?" అన్నారు. "చూశాక చెప్తాను బాబాయ్ గారూ, కాస్త కూర్చోండి" అన్నాను. కప్లర్ దగ్గర మీటర్ పెడితే 12.4. బల్బు పెడితే పసుపు తిరిగి నీరసంగా వెలిగింది. ఎర్త్ వైపు కొలిస్తే 3 వోల్టులు. ఆయన్ని దగ్గరికి పిలిచి చూపించాను. బ్యాటరీ, దాని కింద ట్రే తీశాం. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు పైకి చక్కగానే ఉంది. విప్పితే రింగు అడుగున బూడిద పొడి, దాని కింద తుప్పు. పైగా అదే బోల్టుకి మ్యూజిక్ ఆంప్లిఫయర్ ఎర్త్ కూడా తగిలించారు, సంక్రాంతికి వేయించిన ఊఫర్‌దట. రింగు మార్చి, బాడీ మీద ఇనుము మెరిసేదాకా గీకి, విడిగా బిగించి, పైన వాజిలైన్ పూశాను. బల్బు తెల్లగా వెలిగింది, మీటర్ 0.04 చూపించింది.

అపోహ: వైరుకి గుండుసూది గుచ్చి చూస్తే ఏమీ కాదు.

ఎండు ప్రాంతాల్లో ఏమో గానీ ఇక్కడ వద్దు. ఆ చిన్న కన్నంలోంచి తేమ లోపలికి పోతుంది, కొన్నాళ్ళకి పైతోలు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రాగి పచ్చబడి పొడి అవుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు లంకల్లో నీళ్ళలో నిలబడ్డ బళ్ళలోనూ ఇదే చూశాను. కప్లర్ ఆరబెట్టి తోలుకున్నారు, బాగానే తిరిగాయి. నీరు పోగుల వెంట లోపలికి పాకింది, లైటు నెలల తర్వాత వెలిగింది.

అపోహ: కోడ్ చెరిపాం, లైటు ఆరింది, రిపేరు అయిపోయింది.

స్విచ్ వేసినప్పుడు లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరడం బల్బు పరీక్ష లాంటిది. మోటారు పరీక్ష చాలా కార్లలో బండి కదిలి కొంచెం వేగం అందుకున్నాక జరుగుతుంది. అప్పుడు ముందు నుంచి చిన్నగా గుర్రుమంటుంది. సప్లైలో లోపం ఉంటే బయటపడేది ఆ క్షణంలోనే. షాపు ముందు ఆరిన లైటు సెంటర్ దాటేసరికి మళ్ళీ వెలిగేది అందుకే. కోడ్ చెరిపాక కనీసం రెండు కిలోమీటర్లు తోలి చూసి తాళం ఇవ్వాలి.

అపోహ: స్టార్ట్ అవుతోందిగా, బ్యాటరీ బాగున్నట్టే.

పిల్లలు హైదరాబాద్‌లో ఉంటే కారు కొబ్బరితోటలో షెడ్డు కింద నెలల తరబడి కదలదు. అలాంటి బ్యాటరీ ఇంజిన్ తిప్పగలదు, కానీ తిప్పేటప్పుడు 9.6 వోల్టుల కిందికి పడిపోయిందా, ముందు దాన్ని అనుమానించండి. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ కాస్త తీరిక ఇచ్చాక 12.6 చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మామూలుగా 13.5 నుంచి 14.7 దాకా ఉండాలి. అన్నట్టు ఆ షెడ్డులోనే ఎలుకలు వైర్లు కొరుకుతాయి, కోతలయ్యాక మరీను.

అపోహ: ఫ్యూజు కంటికి బాగుంది. లేదా, పోతోంది కాబట్టి పెద్దది వేసేద్దాం.

సన్న పగులు కంటికి కనపడదు, మీటర్‌తో చూడండి. పెద్దది వేస్తే ఈసారి కాలేది వైరే.

అపోహ: సామాను ఏదీ మార్చలేదు కదా, మరి డబ్బులెందుకు?

ఇది అల్లవరం పెద్దాయనే నవ్వుతూ అడిగారు. బ్యాటరీ, ట్రే విప్పి బిగించడం, పిన్ పిన్నూ కొలవడం, ఆంప్లిఫయర్ ఎర్త్ వేరుచెయ్యడం, తోలి చూడడం, అన్నీ కలిపి రెండున్నర గంటలు. "రింగు మార్చానుగా బాబాయ్ గారూ" అన్నాను. కొటేషన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని డబ్బులిచ్చారు.