ఉప్పుగాలికి ఏ రేకు?

కప్పు రేకు తుప్పు పట్టదన్న షాపువాళ్ల హామీ నెల్లూరు తీరాన ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర ఎక్కువ కాలం నిలవదు. సముద్రం మీంచి వచ్చే గాలి ఉప్పు తుంపరలు మోసుకొస్తుంది. రేకు మీద పేరుకున్న ఉప్పు గాలిలోని తేమను లాక్కుని పలచటి ఉప్పునీటి పొరగా మారుతుంది. వాన పడకపోయినా తుప్పుకు ఆ తడి చాలు. పైగా ఉప్పులోని క్లోరైడ్, లోహం మీద సహజంగా ఏర్పడే రక్షణ పొరకు చిల్లులు పెడుతుంది.

జీఐ (గాల్వనైజ్డ్ ఐరన్) రేకు అంటే జింకు పూత వేసిన ఉక్కు రేకు. శుభ్రం చేసిన ఉక్కును సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచితే, రెంటి మధ్యా పలచటి మిశ్రమలోహపు పొర పుడుతుంది. అందుకే అది పెయింటులా పెచ్చులూడదు. గీత పడి ఉక్కు బయటపడ్డా, చుట్టూ ఉన్న జింకు ముందు తాను కరుగుతూ దాన్ని కాపాడుతుంది. ఇదే సూత్రాన్ని 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ ఓడల అడుగునుండే రాగిరేకుల మీద వాడి చూశాడు. రాగి కరగడం ఆగింది. కానీ కరిగే రాగే కదా గుల్లల్ని, నాచుని దూరంగా ఉంచేది! అవన్నీ అంటుకుని ఓడలు నెమ్మదించాయి. నేవీ ఆ ఏర్పాటు తీయించేసింది.

ఉప్పుగాలిలో జింకు త్వరగా అయిపోతుంది. 1972లో అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ ఇంకో పూత తెచ్చింది: బరువులో 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్. చల్లారేటప్పుడు అల్యూమినియం ఎక్కువున్న భాగం చెట్టుకొమ్మల్లా అల్లుకుంటుంది, జింకు ఎక్కువున్నది సందుల్లో నిలుస్తుంది. ముందు జింకు కరుగుతుంది. దాని తుప్పే ఆ సందుల్ని పూడ్చేసి మిగతా దాడిని నెమ్మదింపజేస్తుంది. సిలికాన్ పని వేరు: పూత వేసేటప్పుడు అల్యూమినియం ఉక్కుతో మరీ కలిసిపోయి పెళుసు పొర పెరగకుండా ఆపుతుంది.

పూత ఎంతుందో చెప్పే గుర్తుల్లో జెడ్ 275 అంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు. ఏజెడ్ 150 అంటే 150 గ్రాముల అల్యూమినియం-జింకు. అంకె చిన్నదని కంగారు పడక్కర్లేదు. అల్యూమినియం తేలిక గనక రెండిటి మందమూ ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

నన్నడిగితే, మందం కన్నా ముందు చూడాల్సింది ఆ రేకు దగ్గర ఏముంటుందన్నది. అల్యూమినియం క్షారానికి ఆగదు. కొత్తపట్నం వైపు తీరానికి కాస్త ఎడంగా ఉన్న గోదాముకు బాగా పనికొచ్చే ఈ అల్యూమినియం-జింకు పూత, చెరువుకు చల్లే సున్నం తడిసి తగిలినా, పచ్చి సిమెంటు అంటినా పాడవుతుంది. గేదెల కొట్టానికీ ఇది మంచి ఎంపిక కాదు, పేడ నుంచి వచ్చే అమ్మోనియా దీన్ని తినేస్తుంది. కోసిన అంచుల దగ్గర కూడా ఉక్కును కాపాడటంలో మామూలు జింకుదే పైచేయి. ఈ లోటు తీర్చడానికే ఇప్పుడు మెగ్నీషియం కలిపిన జింకు-అల్యూమినియం పూతలు వస్తున్నాయి.

ఏ పూతైనా వాన కడిగే పైభాగం కన్నా చూరు కింద ముందు పాడవుతుంది, అక్కడ ఉప్పు అలాగే పేరుకుంటుంది గనక. అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగితే చాలు. అక్కడి బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం ఆ పని అసలు చేయకపోవడమే నయం.