చెత్త బండి ఖర్చు ఎవరిది? విజయవాడలో 2021 నుంచీ తేలని లెక్క

ఇళ్ల చెత్తను నాలుగు రకాలుగా వేరుచేసి ఇవ్వాలన్న కేంద్రం కొత్త నిబంధనలకు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. తడి, పొడి చెత్తలతో పాటు డైపర్లు, ప్యాడ్లలాంటివి వేరుగా, పాత మందులు, బల్బులు, బ్యాటరీలు వేరుగా ఇవ్వాలి. ఇంట్లో ఇంకో బుట్ట పెట్టుకోవడం పెద్ద కష్టం కాదు. అన్నిటినీ కలపకుండా తీసుకెళ్లే బండ్లకు, మనుషులకు డబ్బు ఎక్కడిదన్నదే విజయవాడలో మళ్లీ ముందుకొచ్చిన ప్రశ్న.

దీని మూలం 2021లో ఉంది. ఆ ఏడాది మార్చి ఎన్నికల్లో నగరంలోని 64 డివిజన్లలో 49 వైఎస్సార్‌సీపీకి దక్కాయి. అక్టోబర్ 2న బెంజి సర్కిల్ దగ్గర అప్పటి ముఖ్యమంత్రి జగన్ క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం కింద ఇంటింటి చెత్త తీసుకెళ్లే బండ్లకు జెండా ఊపారు. ఇంటికి మూడు రంగుల బుట్టలు ఇచ్చారు. బండి గుమ్మం దాకా రావడాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. తగాదా యూజర్ చార్జీల దగ్గర, అంటే జనం చెత్త పన్ను అన్నదాని దగ్గర మొదలైంది: ఇంటికి నెలకు 120 రూపాయలు, మురికివాడల్లో 60. బండ్లు అద్దెవి. ఆ అద్దెను జనం కట్టే చార్జీల నుంచే ఇవ్వాలన్నది ఏర్పాటు. అంతవరకు కార్పొరేషన్ బాధ్యతగా సాగిన పని ఇలా నెలవారీ బిల్లుగా మారింది.

కౌన్సిల్‌లో టీడీపీ, సీపీఎం, బయట ట్యాక్స్ పేయర్స్ అసోసియేషన్ దీన్ని వ్యతిరేకించాయి. వాళ్ల వాదనలో బలం ఉంది. కార్పొరేషన్లకు వర్తించే చట్టంలో ఆస్తి పన్ను అంటే ఒకే పన్ను కాదు. నీటి పన్ను, డ్రైనేజీ పన్ను, వీధి దీపాల పన్ను, సాధారణ పన్నుతో పాటు కన్సర్వెన్సీ ట్యాక్స్, అంటే పారిశుద్ధ్య పన్ను కూడా అందులో భాగమే. ఇంటి పన్నులో ఒకసారి కట్టినదానికే మళ్లీ నెలనెలా ఎందుకు కట్టాలని జనం అడిగారు. పైగా అదే 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ (ఆస్తి విలువ) మీద లెక్కించడం మొదలైంది. ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదని పరిమితి పెట్టినా, పెరుగుదల మాత్రం ఏటా తప్పలేదు. ఒకే ఏడాది రెండు భారాలు పడ్డాయి.

కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారమే వసూలు చేస్తున్నామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఆ నిబంధనల్లో యూజర్ ఫీజు మాట ఉన్నది నిజమే. అయితే అది ఎంతన్నది స్థానిక సంస్థల బైలాలకు, అంటే అవి సొంతంగా చేసుకునే నియమాలకు వదిలారు. ఇక్కడ రేట్లు పైనుంచి వచ్చాయి. కౌన్సిళ్లు తీర్మానాలు చేశాయి, వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటింటికీ వసూలుకు వెళ్లారు. 2022లో కర్నూలులో డబ్బు కట్టలేదని దుకాణాల ముందే చెత్త పోశారు. ఊరు వేరైనా ఆ దృశ్యం ఇక్కడి జనానికీ కోపం తెప్పించింది.

ఇంకో విషయానికి రావాల్సినంత ప్రచారం రాలేదు. నగరాల శుభ్రతకు కేంద్రం ఇచ్చే ర్యాంకులు, స్వచ్ఛ సర్వేక్షణ్ 2021లో ఇండోర్, సూరత్‌ల తర్వాత మూడో స్థానం విజయవాడది. ర్యాంకులు నవంబర్‌లో ప్రకటించినా క్షేత్రస్థాయి పరిశీలన క్లాప్ బండ్లు రోడ్డెక్కడానికి నెలల ముందే జరిగింది. ఆ ర్యాంకు పాత పద్ధతిలో తెల్లవారకముందే చీపురు పట్టిన కార్మికులది. వాళ్లే జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం 2023 డిసెంబర్ 26న రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద తీశాక సింగ్‌నగర్ వీధుల్లో కుప్పలుపడ్డ తడిసిన పరుపులు, బురద ఎత్తిందీ వాళ్లూ, వేరే ఊళ్ల నుంచి వచ్చిన తోటి కార్మికులూ.

ప్రభుత్వం మారాక 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు చెత్త పన్ను రద్దును ప్రకటించారు. జనం మీద భారం తగ్గింది, అది సరైన నిర్ణయమే. చెత్త సేకరణ మాత్రం ఆగేది కాదు, దాని ఖర్చూ తప్పదు. యూజర్ చార్జీలు లేని ఆ లోటును ఏటా ఎవరు, ఏ పద్దు నుంచి పూడ్చాలన్నది రద్దుతో తేలలేదు.

2026 నిబంధనల్లోనూ యూజర్ ఫీజు ప్రస్తావన ఉంది. 2021 మార్చిలో ఎన్నికైన పాలకవర్గానికి ఐదేళ్ల గడువు 2026 మార్చితోనే సరి. కాబట్టి నాలుగు రకాల సేకరణకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తీర్మానించాల్సింది కొత్త కౌన్సిల్. ఇంటి పన్నులో పారిశుద్ధ్యం కింద ఎంత వస్తోంది, బండ్లకు ఎంత పోతోంది అన్న రెండు అంకెలను ఓట్లు అడగడానికి వచ్చేవాళ్ల ముందు పెట్టి జవాబు రాబట్టాలి.