డేవ్ డ్యూర్సన్ చివరి కోరిక వెనుక

2011 ఫిబ్రవరి 17న ఫ్లోరిడాలోని సన్నీ ఐల్స్ బీచ్‌లో, తన ఇంట్లో, అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు డేవ్ డ్యూర్సన్ ఆత్మహత్య చేసుకున్నారు. వయసు 50 ఏళ్లు. తన మెదడును పరిశోధనకు ఇవ్వమని ఇంట్లోవాళ్లకు రాసిపెట్టి పోయారు. మే 2న బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఫలితం చెప్పారు. ఆయనకు సీటీఈ (క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ) ఉంది.

తలకు ఏళ్ల తరబడి దెబ్బలు తగిలితే వచ్చే జబ్బు అది. టావ్ అనే ప్రోటీన్ మెదడులో ముద్దలుగా పేరుకుని నాడీకణాలను మెల్లగా చంపేస్తుంది. మతిమరుపు వస్తుంది, కోపం అదుపు తప్పుతుంది, దిగులు పట్టుకుంటుంది. మనిషి బతికుండగా ఈ జబ్బును ఖాయంగా తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు. మెదడును కోసి చూస్తేనే తెలుస్తుంది. ఆ సంగతి తెలిసే డ్యూర్సన్ ఆ కోరిక రాశారు.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఈ జబ్బు అంతకు ముందే కొందరిలో బయటపడింది. అయినా ఆయన మరణం అమెరికాను అంతగా కుదిపేయడానికి కారణం, ఆట మానేశాక ఆయన కూర్చున్న కుర్చీ. అక్కడికి వచ్చే ముందు ఆయన ఆట గురించి చెప్పాలి.

డ్యూర్సన్ 1960 నవంబర్ 28న ఇండియానా రాష్ట్రంలోని మన్సీలో పుట్టారు. సరిగ్గా ఎనిమిది రోజుల ముందు న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆటగాడు చక్ బెడ్నరిక్, జెయింట్స్ ఆటగాడు ఫ్రాంక్ గిఫర్డ్‌ను గుద్ది పడేశాడు. గిఫర్డ్ స్పృహ లేకుండా నేలమీద పడి ఉన్నాడు, బెడ్నరిక్ పిడికిలి బిగించి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ ఫొటోను దశాబ్దాల పాటు ఆ ఆట గొప్పతనానికి గుర్తుగా చూపించారు. గిఫర్డ్ ఏడాదిన్నర పాటు మైదానానికి దూరమయ్యాడు. 2015లో ఆయన పోయాక, ఆయన మెదడులోనూ సీటీఈ ఉందని కుటుంబమే ప్రకటించింది.

బంతి పట్టుకున్నవాణ్ణి ఆపడం డిఫెన్స్ ఆటగాడి పని. ఎంత గట్టిగా గుద్దితే అంత పేరు. డ్యూర్సన్ ఆడిన సేఫ్టీ స్థానం డిఫెన్స్‌లో అందరికంటే వెనక ఉంటుంది. దూరం నుంచి పరుగెత్తుకొచ్చి ఢీకొంటారు కాబట్టి దెబ్బలో వేగం ఎక్కువ. ఆ దెబ్బ ఇచ్చినవాడి తలకూ తగులుతుందన్న మాట చాలాకాలం ఎవరూ ఎత్తలేదు. కళ్లు బైర్లు కమ్మితే కాసేపు బెంచీ మీద కూర్చోవాలి, తేరుకోగానే మళ్లీ దిగాలి. అదే మగతనం అనుకున్నారు.

నోటర్‌డామ్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివిన డ్యూర్సన్‌ను 1983లో షికాగో బేర్స్ జట్టు, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ మూడో రౌండ్‌లో తీసుకుంది. అక్కడ డిఫెన్స్ కోచ్ బడ్డీ రయన్. ఆయన పద్ధతికి ‘46 డిఫెన్స్’ అని పేరు. ఆ 46 ఏ లెక్కా కాదు, డగ్ ప్లాంక్ అనే సేఫ్టీ జెర్సీ నంబర్. ఎదుటివాళ్లను విరగ్గొట్టేలా గుద్దడంలో ప్లాంక్‌కు పేరు. ఒక డిఫెన్స్ మొత్తానికి అలాంటివాడి నంబర్ పెట్టుకున్నారంటే అక్కడ దేనికి విలువ ఉండేదో అర్థమవుతుంది. 1985 సీజన్‌లో బేర్స్ 16 మ్యాచ్‌ల్లో 15 గెలిచి, 1986 జనవరి 26న లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను 46-10తో చిత్తు చేసింది. డ్యూర్సన్ వరసగా నాలుగుసార్లు, మేటి ఆటగాళ్లు ఆడే ప్రో బౌల్ మ్యాచ్‌కు ఎంపికయ్యారు. 1986లో ఏడు శాక్‌లు చేశారు, అంటే బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ను ఏడుసార్లు పడగొట్టారు. డిఫెన్సివ్ బ్యాక్‌లలో (డిఫెన్స్ వెనక వరసలో ఆడేవాళ్లలో) అది రికార్డు, 2005 వరకు నిలిచింది. సేవా కార్యక్రమాలకు గాను 1987లో ఎన్ఎఫ్ఎల్ (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్) ‘మ్యాన్ ఆఫ్ ది ఇయర్’ అవార్డు వచ్చింది. 1990 సీజన్‌లో న్యూయార్క్ జెయింట్స్‌తో రెండో సూపర్ బౌల్ గెలిచి, ఆ తర్వాత కార్డినల్స్‌కు ఆడి, 1993లో ఆపేశారు. మొత్తం 11 సీజన్లు. తర్వాత మాంసం వ్యాపారంలో కొంతకాలం బాగా నిలదొక్కుకున్నారు. చివరి ఏళ్లలో వ్యాపారం, సంసారం రెండూ చెదిరాయి.

వైద్యశాస్త్రానికి ఈ ప్రమాదం కొత్త కాదు. 1928లోనే హారిసన్ మార్ట్‌లండ్ అనే డాక్టర్ బాక్సర్లలో ఈ లక్షణాలను వివరించాడు. ఫుట్‌బాల్‌లో హెల్మెట్ ఉంది కదా అన్నది అందరి ధీమా. 1943 నుంచి ఎన్ఎఫ్ఎల్‌లో హెల్మెట్ తప్పనిసరి. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. తల హఠాత్తుగా ఆగినప్పుడు పుర్రె లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. పైగా గట్టి హెల్మెట్ వచ్చాక తలనే ఆయుధంగా వాడటం పెరిగింది.

2002లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 50 ఏళ్లకే, అన్నీ పోగొట్టుకున్న స్థితిలో చనిపోయాడు. నైజీరియా నుంచి వచ్చిన పాథాలజిస్ట్ బెనెట్ ఒమలు ఆయన మెదడు పరీక్షించి, అందులో సీటీఈ ఉందని 2005లో వైద్య పత్రికలో రాశాడు. తల గాయాల మీద లీగ్ 1994లో తానే వేసుకున్న కమిటీ డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని పట్టుబట్టారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇక్కడే ఉంది. ఆటగాళ్లకు వైకల్య భృతి ఇచ్చే రిటైర్మెంట్ బోర్డు, తలకు తగిలిన దెబ్బల వల్లే వెబ్‌స్టర్ అలా అయ్యాడని 1999లోనే ఒప్పుకుంది. ఒక చేత్తో డబ్బు ఇస్తూ, ఇంకో చేత్తో ఆ జబ్బే లేదన్నారు.

ఆ బోర్డులో ఆరుగురు సభ్యులు. ముగ్గురు జట్ల యజమానుల తరఫున, ముగ్గురు ఆటగాళ్ల యూనియన్ తరఫున. 2006 నుంచి యూనియన్ తరఫు కుర్చీల్లో ఒకటి డ్యూర్సన్‌ది. తల పాడైందని, బతకలేకపోతున్నామని పాత ఆటగాళ్లు పెట్టుకున్న దరఖాస్తులు ఆయన ముందుకు వచ్చేవి. 2007లో సెనేట్ కమిటీ ముందు మాట్లాడుతూ, తన తండ్రికి 84 ఏళ్లని, అల్జీమర్స్ ఉందని, ఆయన ఏనాడూ ప్రొఫెషనల్ ఆట ఆడలేదని చెప్పారు. ఆటకూ జబ్బుకూ ముడి పెట్టలేమన్నది దాని సారాంశం. బోర్డులో ఎవరు ఎటు ఓటేశారో బయటకు చెప్పరు. అందుకే ఆయన ఎంతమందికి కాదన్నారో ఎవరూ చెప్పలేరు. తన మెదడులో జరుగుతున్నదాన్ని ఆయన ఎప్పుడు అనుమానించడం మొదలుపెట్టారో ఊహించడానికే మనసు ఒప్పదు. ఆయన్ను దోషిగా చూడటం నాకు న్యాయంగా అనిపించదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చేతిలో ఉన్న సమాచారం, లీగ్ ఏళ్ల తరబడి వండి వడ్డించిన సమాచారమే.

తర్వాతి ఏడాది, 2012 మే 2న, శాన్ డియాగోలో పేరు తెచ్చుకున్న డిఫెన్స్ ఆటగాడు (లైన్‌బ్యాకర్) జూనియర్ సియావ్ కూడా అలాగే ప్రాణం తీసుకున్నాడు. ఆయనకూ ఇదే జబ్బు. ఆటకూ సీటీఈకీ సంబంధం ఉందని లీగ్ ప్రతినిధి ఒకరు బాహాటంగా ఒప్పుకోవడానికి 2016 మార్చి దాకా పట్టింది. 2017లో పరిశోధకులు 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో జబ్బు కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే మెదడు దానం చేస్తాయి కాబట్టి, ఆటగాళ్లందరిలో ఇదే నిష్పత్తి అనుకోకూడదు. 2019 నాటి బోస్టన్ అధ్యయనం చెప్పింది ఇంకా ముఖ్యం. ఆట ఆడిన ప్రతి ఏడాదికీ ఈ జబ్బు అవకాశం సుమారు 30 శాతం పెరుగుతుంది. పెద్ద దెబ్బలే కాదు, స్పృహ తప్పించని చిన్నచిన్న దెబ్బలూ లెక్కలోకి వస్తాయి. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు స్కూలు జట్టులో చేరతామని అడిగితే, ఎప్పుడైనా కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిపోవడం) అయిందా అని అడిగి ఊరుకోకుండా, ఏ వయసు నుంచి ఎన్నేళ్లు ఆడబోతున్నారో కూడా తల్లిదండ్రులు చూడాలి.

డ్యూర్సన్ కుటుంబం 2012లో లీగ్ మీద కేసు వేసింది. వేలమంది మాజీ ఆటగాళ్లు వేసిన దావాలు 2013లో 76.5 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చాయి. తర్వాత ఆ మొత్తానికి మించకూడదన్న పరిమితి ఎత్తేశారు. 2015 ఏప్రిల్ 22న కోర్టు ఆమోదించిన ఒప్పందంలో ఒక షరతు ఉంది. సీటీఈతో చనిపోయినందుకు గరిష్ఠంగా 40 లక్షల డాలర్ల పరిహారం ఆ తేదీకి ముందు పోయినవాళ్ల కుటుంబాలకే. ఆ తర్వాత చనిపోయిన ఆటగాడి మెదడులో అదే జబ్బు దొరికినా, ఆ ఒక్క కారణం మీద ఇంట్లోవాళ్లకు ఏమీ రాదు.