నాన్న రిటైర్మెంటు, కొడుకు ఉద్యోగం: ఒక నవలా వస్తువు వెనుక చరిత్ర

ముప్పై దాటిన కొడుకు. చదువుంది, పని లేదు. అమ్మ వడ్డిస్తే తింటాడు, లోకం మీద తీర్పులు చెబుతాడు. ఈ మనిషిని నడిమధ్యన పెట్టి రాసిన నవలల్లో బాగా పేరుపడ్డది జాన్ కెనెడీ టూల్ రాసిన ‘ఎ కాన్ఫెడరసీ ఆఫ్ డన్సెస్’. న్యూ ఆర్లియన్స్ రేవు పట్టణంలో తల్లి దగ్గరుండే ఇగ్నేషియస్, ఆమె కారు గుద్దిన నష్టం కట్టడానికి గతిలేక ఉద్యోగాల వేటలో పడతాడు. చదువుతుంటే నవ్వు ఆగదు. రాసినవాడు 1969లో ఆత్మహత్య చేసుకున్నాడు. తల్లి ఆ రాతప్రతి పట్టుకుని తిరగ్గా తిరగ్గా 1980లో అచ్చయింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ తల్లిని తలుచుకోకుండా ఆ పుస్తకం చదవడం నా వల్ల కాదు.

విశాఖపట్నమూ రేవు పట్టణమే, ఆ కొడుకు ఇక్కడి ఇళ్ళలోనూ ఉన్నాడు. అయితే మన కథకు మొదలు వేరే చోట ఉంది. హిందువుల పాత వారసత్వ ధర్మమైన మితాక్షర న్యాయం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా. అందుకే పెళ్ళయి పిల్లలు పుట్టినా తండ్రి ఇంట్లో ఉండటం మనకు ఏనాడూ తప్పుగా తోచలేదు. సిగ్గంతా సంపాదన దగ్గరే. ‘ఉద్యోగం పురుష లక్షణం’ అంటూ వచ్చాం. సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగ పర్వం ఆ అర్థంలోనిదే. సర్కారు కచేరీలు, నెలజీతాలు వచ్చాక ఆ మాట కొలువుగా మారింది. సామెత మాత్రం మారలేదు. పూనిక ఉండీ కొలువు దొరకని కుర్రాడు ఆ ఒక్క మాటతో మగతనమే లేనివాడయ్యాడు. ఈ వస్తువులోని విషాదమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

విశాఖకు దగ్గరలోని విజయనగరంలో 1892లో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో ఇంగ్లీషు చదువుకుని పరాయి ఇళ్ళ తిండి మీద బతికే గిరీశం ఉన్నాడు, పరీక్ష తప్పి ఇంటికెళ్ళే వెంకటేశం ఉన్నాడు. 1940ల్లో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ నవలలో సృష్టించిన సీతారామారావు వంశ గౌరవం పేరుతో ఉన్నదంతా కరిగించుకున్నాడు. ఆ తర్వాతి దశాబ్దంలో విశాఖ న్యాయవాది రావిశాస్త్రి ‘అల్పజీవి’లో ఇంకో మెలిక చూపించారు. సుబ్బయ్యకు గుమాస్తా ఉద్యోగం ఉంది, అయినా భయం పోలేదు.

ఈలోగా ఊరే మారిపోయింది. 1933లో హార్బరు తెరిచారు. 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడింది. ఉక్కు కర్మాగారం కోసం 1966 నవంబరు 1న విశాఖలో తూటాలకు మనుషులు నేలకూలారు. 1971లో ఇందిరాగాంధీ దానికి శంకుస్థాపన చేశారు. భూములు పోయిన కుటుంబాల చేతికి నిర్వాసితుల గుర్తింపుగా ఆర్ కార్డులు వచ్చాయి, కార్డున్న ప్రతి ఇంటికీ ఉద్యోగం రాలేదు. అగనంపూడి, వడ్లపూడి వైపు నిర్వాసిత కాలనీల్లో ఆ కార్డును బీరువాలో దాచుకుని ఎదురుచూస్తూనే నడివయసుకు వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళను సోమరులనడానికి నాకు నోరు రాదు.

ఉద్యోగం దొరికిన తండ్రులకు దానితోపాటు క్వార్టరు వచ్చింది. ఇల్లు కంపెనీది. తండ్రి రిటైరైతే ఖాళీ చేయాలి. తాతల ఇంటి అరుగు మీద కూర్చున్న కొడుక్కి గడువు ఉండేది కాదు. క్వార్టరులోని కొడుక్కి మాత్రం తండ్రి సర్వీసు రిజిస్టరులో ఒక తేదీ రాసి ఉంటుంది. విశాఖలో పుట్టవలసిన నవలకు ఆ తేదీయే గడియారం.

ఆ గడియారం పక్కనే ఇంకో నిబంధన ఉంది. ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం. అది హక్కు కాదనీ, దిక్కుతోచని కుటుంబాన్ని ఒడ్డున పడేయడానికేననీ 1994లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కానీ ఇళ్ళలో దాన్ని విన్న తీరు వేరు. రిటైరయ్యేలోపు తండ్రి పోతే కొడుక్కి బతుకుతెరువు, బతికి ఉంటే లేదు. హాస్యం, చావు ఇంత దగ్గరగా కూర్చునే చోటు నాకు మరొకటి తెలియదు.

మా పక్క క్వార్టరు ఆయనకు సర్వీసు పది నెలలుంది. బీపీ ఎక్కువ. ఎవరైనా అడిగితే “మా వాడు గ్రూప్స్‌కి చదువుతున్నాడండీ” అనేవారు. ఒకరోజు వంటింట్లో ఆయన భార్య “ఉప్పు తగ్గించానండీ, వేరే గిన్నెలో తీశాను” అంటుండగా, కొడుకు మందుల షాపు నుంచి వచ్చాడు. టేబుల్ మీద మాత్రల పట్టీలు పరిచి, ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. నెలకు సరిపోతాయని తేలాక మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. “సరిపోయాయి నాన్నా” అన్నాడు. ఆయన పేపరులోంచి తలెత్తలేదు.